పిడికిట్లో పుస్తెలతాడు

వాదనలో నేను ఓడిపోయిన సందర్భాలు తక్కువ. గొప్పకు చెప్పడం లేదు. నాతో పనిచేసినవాళ్ళు ఈ మాటను ఫిర్యాదుగానే చెప్పేవారు. ఇప్పుడు నర్సింగు చదువుతున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, సర్వీసులో గుర్తుండిపోయిన కేసు ఏదని అడుగుతుంటారు. నేను నెగ్గిన వాదాలన్నీ పక్కన పెట్టి వాళ్ళకు ఇదొక్కటే చెబుతాను. ఇందులో కూడా నేను నెగ్గాను. నెగ్గినందుకు ఒక మనిషి చచ్చిపోయి ఉండేది.

డెబ్బైల చివర్లో నేను బాన్సువాడ తాలూకా దవాఖానలో స్టాఫ్ నర్సును. జనం సిస్టరమ్మ అనేవారు. మా నాన్న సంఘసంస్కరణ సభల్లో పెరిగిన మనిషి. మా ఇంట్లో అన్నం దగ్గర కూడా అనుకూల పక్షం, ప్రతికూల పక్షం అని విడిపోయి కూర్చునేవాళ్ళం. నా పెళ్ళి గ్రంథాలయం హాల్లో రెండు పూలదండలతో జరిగింది. పురోహితుడు లేడు, పుస్తెలతాడు లేదు, మంత్రాలు లేవు. మంత్రాలకు పట్టే సమయం కంటే ఎక్కువసేపు ఉపన్యాసాలు మాత్రం ఉన్నాయి. అలా బోసి మెడతో నేను బాన్సువాడలో దిగాను. కొత్తలో వార్డులోని ఆడవాళ్ళు నా మెడ చూసి, "పాపం, గీ వయసుల" అని కళ్ళొత్తుకునేవారు. మధ్యాహ్నమయ్యేసరికి మా ఆయన, అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు, టిఫిన్ గిన్నె పట్టుకొని సైకిలు మీద వచ్చేవాడు. కళ్ళొత్తుకున్నవాళ్ళకు నా మీద కోపం వచ్చేది. ఏడుపు వృథా అయినందుకు కావచ్చు.

మా డాక్టరు కోస్తా జిల్లాల మనిషి, మితభాషి. మంగళవారం నాడు నుదుట ఆంజనేయుడి సిందూరం లేకుండా ఓపీలో కూర్చునేవాడు కాదు. ఆయన మణికట్టుకు ఎర్రదారం, నా చేతిలో హేతువాద పత్రిక. టీ తాగే వేళ రోజూ ఆ దారం సంగతి తేల్చాలని నేను పట్టుబట్టేదాన్ని. "మీరు చెప్పింది నిజమే సిస్టర్" అని ఆయన దారం సర్దుకునేవాడు. మనిషిని అంతకంటే రెచ్చగొట్టే పద్ధతి నాకింకా ఎదురుపడలేదు.

నాట్లు పడుతున్న రోజుల్లో బిచ్కుంద వైపు ఊరి నుంచి ఒక ఎడ్లబండి వచ్చింది. అందులో ముప్పై దాటని ఒక ఆడమనిషి, ఆమె భర్త, అత్త ఉన్నారు. మడిలో వంగి నాటేస్తున్నామె ఉన్నట్టుండి తల పట్టుకొని బురదలో కూలబడిందట.

"తలకాయల పటాక పేలినట్టయింది సిస్టరమ్మా" అంది ఆమె.

అది జరిగిన వెంటనే మా దగ్గరికి రాలేదు. ముందు మంత్రగాడు తన పని పూర్తి చేశాడు. గాలి సోకిందని చెప్పి వేపమండలతో కొట్టాడు. జుట్టు పట్టుకొని తల గిరగిరా తిప్పాడు. ఆయన వైద్యం వల్ల తేలింది ఒక్కటే, ఆమె చాలా గట్టి మనిషని.

ఆమె మెడ కర్రలా బిగుసుకుపోయింది. కుడికంటి రెప్ప సగానికి వాలి ఉంది. డాక్టరు నడుము దగ్గర వెన్నులోకి సూది వేసి నీళ్ళు తీశాడు. పరీక్ష గొట్టాలు మా దగ్గర లేవు కాబట్టి, కడిగి ఉడకబెట్టిన పెన్సిలిన్ సీసాల్లో వరసగా పట్టాను. మొదటి సీసా ఎర్రగా ఉండి, తర్వాతవి తేటపడితే అది సూది గుచ్చుకున్న నెత్తురు. మా సీసాలన్నీ ఒకే ఎరుపు. ఆయన వాటిని కిటికీలో పెట్టించి చాలాసేపు చూశాడు. "తల్లోనే కారింది" అన్నాడు.

ఇంటివాళ్ళకు ఎలా చెప్పాలో ఆయనకు తెలుసు. భర్తను పిలిచి, "మీ పొలానికి నిజాంసాగర్ కాలువ నీళ్ళేనా?" అని అడిగాడు.

"గవ్వే సారు."

"కాలువ కట్ట ఒకచోట పలచబడితే ఏమవుతుంది?"

"ఉబ్బుతది. ఆడికెల్లి నీళ్ళు కార్తయి."

"అలాగే వదిలేస్తే?"

"గండి వడ్తది సారు."

"ఈమె తలలో నెత్తురు పారే కాలువ ఒకటి అలాగే ఉబ్బింది. ఒకసారి కారి, దానంతట అది ఆగింది. రెండోసారి కారితే ఆగదు. పట్నంలో తల తెరిచి, ఆ ఉబ్బిన చోట మొదట్లో చిన్న క్లిప్పు పెడతారు. అదొక్కటే మార్గం."

భర్త ఎడ్లబండి వైపు చూశాడు. తర్వాత, "మడి మునుగకముందే పోవాలె అన్నట్టు" అన్నాడు. వైద్య పుస్తకాల్లో ఇంతకంటే బాగా రాయలేదు.

పట్నానికి మోటారు బండి దొరికేదాకా ఆమెను చీకటి గదిలో, నిశ్శబ్దంగా ఉంచాలి. చీకటి గదికి ఇబ్బంది లేదు. దవాఖాన చివరి గదిలో బల్బు నేను ఉద్యోగంలో చేరకముందే పోయింది. కొత్త బల్బు కోసం మేము రాస్తూనే ఉన్నాము. నిశ్శబ్దమే కష్టం, పక్కనే అంగడి. ఆమె దగ్గకూడదు, ముక్కకూడదు, లేచి కూర్చోకూడదు, ఏడవకూడదు, కోపం తెచ్చుకోకూడదు. ఇవన్నీ నేను ఒక్కొక్కటిగా చెబుతుంటే ఆమె కళ్ళు మూసుకునే వింది.

"కోపం రాకుంట ఎట్లుంటది? మా అత్త ఈడనే ఉండె" అంది.

డాక్టరు పట్నానికి ట్రంకు కాల్ చేశాడు. అక్కడి పెద్ద దవాఖానలో మెదడు ఆపరేషన్లు చేసే సర్జన్ ఆయనతో చదువుకున్నవాడే. సర్జన్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఆయనకు ఆపరేషన్ టేబుల్ దొరకడమే అరుదు. అంతకుముందు ఒకామెను థియేటరు తలుపు దాకా తీసుకొచ్చి, పుస్తెలతాడు తీయాలనగానే ఇంటివాళ్ళు తిరిగి తీసుకెళ్ళిపోయారట. టేబుల్ ఆ రోజంతా ఖాళీగా పోయింది. "జుట్టు గొరగాలి, ఒంటి మీద నగ ఉండకూడదు. ఫోటో తీయడానికి సూది వేసేదే మెడలో. ఇవన్నీ అక్కడే ఒప్పించి పంపు. ఒప్పుకోకపోతే పంపకు, ఇంకొకరైనా బతుకుతారు" అన్నాడు.

డాక్టరు వరండాలోకి వచ్చి తల్లీకొడుకులకు ఈ మాటే చెప్పాడు. ఓపీకి వచ్చిన జనమంతా మందులు మరిచి చుట్టూ చేరారు.

జుట్టు సంగతి తొందరగానే తేలింది. "తలంత గొరుగుతరా?" అని అత్త కాసేపు ఆలోచించి, "సరే, రాజన్న దేవునికి మొక్కిన అనుకుంట. ఎంటికలు మాత్రం పారెయ్యకున్రి, మూటగట్టి ఇయ్యున్రి" అంది. ఆ మొక్కు మీద నాకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. డాక్టరు నా వైపు చూశాడు. ఊరుకున్నాను.

"పుస్తెలతాడు, గాజులు, మట్టెలు కూడా తీయాలమ్మా" అన్నాడు ఆయన.

అత్త దిగ్గున లేచింది. "నా కొడుకు బతికి నీ ముందర నిలవడ్డడు సారు. కండ్లవడ్తలేడా?"

కొడుకు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. కనపడాలనేమో కొంచెం కదిలాడు.

"తియ్యకపోతే ఆపరేషన్ చెయ్యరమ్మా."

"తీస్తె వాడు వోతడు. దాని పానం కోసం వాని పానం ఇయ్యాల్నా? నాకున్నది గా ఒక్కడు."

ఇక్కడ నేను దిగాను. ఇది నాకు అలవాటైన సభ, తెలిసిన అంశం. అదే సమయానికి మా ఆయన టిఫిన్ గిన్నెతో గేటు దగ్గర సైకిలు దిగుతున్నాడు. సాక్ష్యం తనంతట తానే నడిచి వస్తుంటే వదులుకునే రకం కాదు నేను.

"అవ్వా, నా మెడ చూడు. ఏమన్న ఉన్నదా? అగో, సైకిలు దిగుతుండే, ఆయన నా మొగడు. పుస్తె లేకున్న మంచిగనే తిరుగుతుండు."

వరండా అంతా ఒక్కసారి మా ఆయన వైపు తిరిగింది. ఏం జరుగుతోందో తెలియక ఆయన అందరికీ నమస్కారం పెట్టాడు. అత్త ఆయన్ను ఎద్దును కొనబోయే ముందు చూసినట్టు పైనుంచి కింది దాకా చూసింది.

"బక్కగున్నడు" అంది. తర్వాత నాతో, "అయినా బిడ్డా, నీ మొగడు నీకు కట్టనే లేదాయె. కట్టంది ఇప్పేదేంది? కట్టి ఇప్పితెనే ఖతర" అంది.

ఇది మంచి జవాబు. నా ఉదాహరణ ఈ కేసుకు వర్తించదని ఆమె చూపించింది. శాస్త్రాలు చదివిన పండితులు కూడా సభలో నన్ను ఇంత శుభ్రంగా అడ్డుకోలేదు. మంచి ప్రత్యర్థి దొరికితే నాకు హుషారు వస్తుంది. వచ్చింది.

"సరే అవ్వా. మీ పెద్దాయన పోయిననాడు నీ మెడల పుస్తె ఉండెనా, లేకుండెనా?"

"ఉండె."

"అంతకుముందు ఎవలన్న తీసిన్రా?"

"ఎవలు తీస్తరు? తియ్యలే."

"మరి మెడల ఉండంగనే ఆయన ఎట్ల వోయిండు?"

జనం అత్త వైపు తిరిగారు. ఆ వాదనలో దోషం ఇప్పటికీ నాకు కనబడదు. పుస్తె ఉన్నా మనిషి పోతాడు, లేకున్నా ఉంటాడు. కాబట్టి రెంటికీ సంబంధం లేదు. మా నాన్న ఉంటే బల్ల చరిచేవాడు.

అత్త బల్ల చరచలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. కొడుకుతో, "బండి కట్టురా" అంది. "సచ్చేదుంటె మన ఇంట్లనే సస్తది. గీళ్ళు సచ్చినోన్ని గూడ వదుల్తలేరు."

కొడుకు అటూ ఇటూ చూసి ఎడ్ల వైపు కదిలాడు. డాక్టరు నా పక్కకు వచ్చి చిన్న గొంతుతో అన్నాడు. "గెలిచారు సిస్టర్. ఇక పేషెంటును బండెక్కిద్దాం పదండి."

ఎడ్లబండిలో ఆ గతుకుల్లో ఊరు చేరేలోపు ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. సిద్ధాంతం నా పక్షాన ఉంది, ఎడ్లు వాళ్ళ పక్షాన ఉన్నాయి. జీపు కోసం డాక్టరు అప్పటికే కబురు పంపాడు. ఆ కబురు వెనక్కి తీసుకోవాలా అని ఆయన ఆలోచిస్తుండగా లోపలి నుంచి పిలుపు వినబడింది.

"అత్తా, ఇటు రా."

ఆ చివరి గదికి తలుపు లేదు, పరదా మాత్రమే. నిశ్శబ్దంగా ఉంచవలసిన మనిషి పక్కనే మేము సభ నడిపాము.

అందరం లోపలికి వెళ్ళాము. చీకట్లో ఆమె వెల్లకిలా పడుకొని ఉంది. "లేవకు" అన్నాను.

"లేస్తలే. అత్తా, నాకు సావాల్నని లేదు. పోరగాండ్లు ఇంక శిన్నోళ్ళు."

"నాకు మాత్రం నిన్ను సంపాల్నని ఉన్నదానె? వాడు నా ఒక్కగానొక్కడు."

"గందుకే పిలిచిన. ఇన్నేండ్లు నీ కొడుకును నా మెడల ఏస్కొని తిరిగిన. ఇగ కొన్నొద్దులు నాతోని కాదు. నువ్వు వట్టు."

"ఏంది వట్టేది?"

"పుస్తె. పెట్టెల వెట్టకు, గోడకు తగిలియ్యకు. చేతిల వట్టుకో. కన్నదానివి, నీకన్న గట్టిగ ఎవలు వడ్తరు?"

అత్త రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నేను ముండమోపిని బిడ్డా. నేను ముట్టద్దు. అరిష్టం."

"దినాం నీ కొడుక్కు బువ్వ వెట్టేది ఎవలు? ఆ చేతుల బువ్వ తింటె వానికి ఏం కాకపాయె. తాడు వట్టుకుంటె అయితదా?"

అత్త కొడుకు వైపు చూసింది. కోడలు ఈసారి వాలిన రెప్ప కింద నుంచి భర్తను వెతుక్కుంది. "నీకేమన్న భయమా?"

"నాకేం భయం" అన్నాడు అతను. చేయి గుండె మీద వేసుకునే అన్నాడు.

"మరి ఇప్పు."

ఆమె తలను నేను రెండు అరచేతుల్లో కొంచెం ఎత్తి పట్టుకున్నాను. అతను మెడ వెనక ముడి విప్పాడు. నల్లపూసలు, పగడాలు, రెండు బంగారు పుస్తెలు, పసుపు పట్టిన దారం. తల్లి చేయి ముందుకు వచ్చింది. అతను అందులో వేశాడు. ఆమె పిడికిలి బిగించింది. గాజులు పగలగొట్టకుండా సబ్బు రాసి నేనే తీశాను. మట్టెలు కొడుకు జేబులోకి వెళ్ళాయి. వాటి గురించి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగండి. ఆ కోడలు ఆ నమ్మకాన్ని ఖండించలేదు. నేను ఖండించిందాన్ని ఆమె ఖండించకుండా వదిలేసి, దానికి బదిలీ ఉత్తర్వు మాత్రం ఇచ్చింది. కాపలా అలాగే ఉంది, కాపలాదారు మారింది. హేతువాదిగా నేను దీన్ని ఆమోదించను. అయితే జీపు కదిలింది.

ఆ జీపు కుటుంబ నియంత్రణ శాఖది. పక్కన ఎర్ర త్రికోణం బొమ్మ. ఆ బొమ్మ కనబడితే జనం చెరకు తోటల్లోకి పరుగెత్తే రోజులవి. అత్త ఎక్కే ముందు, "గిండ్ల ఎక్కితె ఆపరేషన్ జేస్తరంట గదా?" అని అడిగింది. "చేస్తారమ్మా, అందుకే పంపుతున్నాం" అన్నాడు డాక్టరు. వాళ్ళ బండిలోని గడ్డే తెచ్చి జీపులో మందంగా పరిచి, పైన పరుపు వేశాము. ఎల్లారెడ్డి, మెదక్ మీదుగా ప్రయాణం, వెంట నేను. కుదుపు ఉండకూడదన్నానని డ్రైవరు ఎంత నెమ్మదిగా నడిపాడంటే, చెరకు బండ్లవాళ్ళు మమ్మల్ని దాటిపోతూ జాలిగా చూశారు. "ఇరవయ్యేండ్ల సర్వీసుల ఎడ్లు నన్ను దాటిపోవుడు ఇదే మొదలు సిస్టరమ్మా" అన్నాడు అతను.

పట్నంలో ఆమె మెడలోని నాళంలోకి నేరుగా సూది వేసి మందు ఎక్కించారు. నిన్నటిదాకా పసుపుతాడు ఉన్నచోటే. ఒకరు మందు తోస్తుంటే ఇంకొకరు ఎక్స్‌రే పలకలను చేత్తో లాగుతూ మార్చారు. అప్పటికి మన దగ్గరున్న యంత్రం అదే. ఫోటోలో శనగగింజంత ఉబ్బు కనబడింది. సర్జన్ దగ్గర క్లిప్పులు ఒక చిన్న డబ్బాలో ఉండేవి. విదేశాలకు వెళ్ళొచ్చే స్నేహితులను బతిమాలి తెప్పించుకున్నవి. ఆయన డబ్బా వెతికి, దీనికి సరిపోయేది ఒకటే ఉందన్నాడు. జారితే ఇంకోటి లేదు. పెద్దగా చూపించే సూక్ష్మదర్శిని లేదు కాబట్టి కళ్ళద్దాలకు భూతద్దాలు బిగించుకొని చేస్తానన్నాడు. ఇంటివాళ్ళ నెత్తురు కావాలన్నాడు.

భర్త నెత్తురు సరిపోయింది. ఇచ్చి లేచాడు, వసారాలో కొంతదూరం నడిచాడు, గోడ పట్టుకొని జారి కింద పడిపోయాడు.

అత్త నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "సూస్తివా!" అని అరిచి, పిడికిలిని రెండో చేత్తో కూడా బిగించి గుండెకు హత్తుకుంది. నేను అతని కాళ్ళు ఎత్తి పట్టుకున్నాను. డ్రైవరు పరుగెత్తి గోలీసోడా తెచ్చాడు. తాగాక అతను లేచి కూర్చొని, పొద్దున ఏమీ తినలేదని సిగ్గుపడుతూ చెప్పాడు.

"నేను ఇంత గట్టిగ వట్టుకున్న గనుక లేచిండు" అంది అత్త.

సోడా ప్రస్తావన ఎవరూ తేలేదు. నేనూ తేలేదు. ఆపరేషన్ గది తలుపు మూసుకుంది.

వసారాలో కూర్చున్నాము. ఎంతసేపో నేను గడియారం చూడలేదు. చూసినా అది నడిచేది కాదు. మధ్యలో అన్నం తెప్పించాను. ఆమె తినలేదు. ఉపవాసం కాదు, కుడిచేతిలో పుస్తె ఉంది. ఎడమచేత్తో తినదు, చేయి మార్చదు. కాసేపు చూసి నేనే కలిపి ముద్ద నోటికందించాను. నోరు తెరిచింది. నాలుగు ముద్దలు తిన్నాక నా వైపు చూడకుండా మాట్లాడింది.

"ఎట్ల వోయిండని అడిగితివి గదా. పాము కాదు, కయ్యం కాదు. వాంతులు, విరేచనాలు. ఒక్క రోజుల ఎండిపోయిండు. దవాఖానకు తేవాల్నని మాకు తెల్వకపాయె. మంత్రగాడు దారం కట్టిండు. దారం ఉండంగనే వోయిండు బిడ్డా."

నేను అడిగింది జవాబు కోసం కాదు. సభలో ప్రశ్నలు జవాబుల కోసం అడగరు. ఆమె జవాబు చెప్పింది. ఉప్పునీళ్ళు ఎక్కిస్తే బతికేవాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాని బదులు ఇంకో ముద్ద కలిపాను.

సర్జన్ బయటికి వచ్చేసరికి ఆయన నుదుటి మీద భూతద్దాల పట్టీ గాటు పడి ఉంది. "క్లిప్పు కూర్చుంది" అన్నాడు. అత్తకు అర్థం కాక నా వైపు చూసింది. "గండి పూడ్చిన్రు అవ్వా" అన్నాను. ఆమె ఏడ్చింది. పిడికిలితోనే కళ్ళు తుడుచుకుంది.

కొన్ని నెలల తర్వాత ముగ్గురూ బాన్సువాడ ఓపీకి వచ్చారు, చూపించుకోవడానికి. ఆమె తల మీద జుట్టు, కోసిన మడిలో వరి మొదళ్ళలా నిలబడి ఉంది. కుడి రెప్ప ఇంచుమించు పూర్తిగా లేచింది. నుదుట కుంకుమ, కాళ్ళకు మట్టెలు, చేతులకు కొత్త గాజులు. మెడ మాత్రం బోసిగా ఉంది.

"పుస్తె ఏది?" అని అడిగాను. తాకట్టు పెట్టారేమో అనుకున్నాను.

"అత్తనడుగు సిస్టరమ్మా. ఇస్తలేదు" అంది ఆమె.

అత్త నడుముకు దోపుకున్న సంచిని తట్టింది. "ఈడనే ఉన్నది. నా తాన ఉన్నప్పటిసంది వానికి జరం లే, నొప్పి లే. దీని మెడల ఉన్నప్పుడు దినామొకటి. నేను వోయినంక తీస్కొమ్మన్న."

"ఊళ్ళె ఎవలేం అంటలేరా అవ్వా?"

"అంటరు. నా మొగడు వోయిననాడు అన్లేదా? అననియ్యి."

కొడుకు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నిజంగానే కొంచెం ఒళ్ళు చేశాడు.

"మరి నీకెట్లున్నది?" అని ఆమెను అడిగాను.

ఆమె చేయి మెడ మీదికి వెళ్ళి, అక్కడేమీ తగలక కిందికి దిగింది. "మంచిగనే ఉన్నది సిస్టరమ్మా. మెడ అల్కగున్నది. నాటేయ వంగితె ముందర ఏలాడుతుండె, బురదల వడుతుండె. ఇప్పుడా ఫికర్ లే."

డాక్టరు ఆమె కంట్లోకి లైటు వేసి చూడటం ఆపి, నా వైపు తిరిగాడు. ఆ రోజు మంగళవారం, నుదుట సిందూరం ఉంది. నా దగ్గర నుంచి ఒక పూర్తి ఉపన్యాసం వస్తుందని సిద్ధపడి ఉన్నాడు. అది నిజంగానే నా గొంతులో ఉంది. ప్రారంభ వాక్యంతో సహా ఉంది.

"ఏం సిస్టర్, మీరేమీ అనరేం?" అన్నాడు.

"నేనేమన్నా అంటే సాయంత్రానికల్లా ఆమె మెడలో మళ్ళీ కట్టేస్తారు సార్" అని, తర్వాతి చీటీ పిలిచాను.